మేం మీ మిత్రులం, పరిగెత్తకండి

1996లో హాలీవుడ్డు భూమ్మీదికి రెండు దండయాత్రలు పంపింది. జూలైలో 'ఇండిపెండెన్స్ డే', డిసెంబర్లో టిమ్ బర్టన్ తీసిన 'మార్స్ ఎటాక్స్'. మొదటిది ప్రపంచమంతా కలిపి ఎనభై కోట్ల డాలర్లు దాటింది. రెండోది పది కోట్ల దగ్గరే చతికిలబడింది. జనం తీర్పు జనానిది. నా మట్టుకు నాకు మాత్రం ఈ రెంటిలో తెలివైంది రెండోదే.

మొదటిదాంట్లో జెఫ్ గోల్డ్‌బ్లమ్ ఓ ఆపిల్ పవర్‌బుక్ పట్టుకెళ్ళి గ్రహాంతరవాసుల మదర్‌షిప్‌లోకి వైరస్ ఎక్కించేస్తాడు. కేబుల్ ఏంటి, ప్రోటోకాల్ ఏంటి, వాళ్ళ ప్రాసెసరుకి కంపైల్ చేసిందెవరు అని అడక్కూడదు. మీటింగ్ రూములో ప్రొజెక్టరుకి లాప్‌టాప్ తగిలించడానికే మనకి పది నిమిషాలు పడుతుంది :) పోనీ ఐడియా అయినా కొత్తదా అంటే అదీ కాదు. వెల్స్ నవలని 1953లో సినిమాగా తీస్తే అందులో అంగారకుల్ని చంపింది మన సూక్ష్మజీవులు. ఆ క్రిమి ఇక్కడ ప్రోగ్రామయింది, అంతే.

'మార్స్ ఎటాక్స్' అలాంటి పాత సినిమాలన్నిటి మీదా వెటకారం. 1962లో టాప్స్ కంపెనీ అమ్మిన బొమ్మల కార్డులు దీనికి ఆధారం. ఆ గిర్రున తిరిగే పళ్ళేలు మాత్రం 1956 నాటి 'ఎర్త్ వర్సెస్ ది ఫ్లయింగ్ సాసర్స్'వి. అందులో రే హారీహౌసెన్ వాషింగ్టన్ స్తంభాన్ని కూలగొడితే చూసేవాళ్ళు భయపడ్డారు. ఇందులో అదే స్తంభం అటు ఒరుగుతుంటే, సరిగ్గా కింద ఉన్న స్కౌట్ పిల్లల మీద పడేలా అంగారకులు ఇటు తోస్తారు. క్రూరమే, కానీ నవ్వాగదు.

సినిమాకి ప్రాణం మాత్రం ఆ అనువాద యంత్రం. అంగారకులు "ఆక్ ఆక్" అంటారు. యంత్రం దాన్ని ఇంగ్లీషులోకి మారుస్తుంది. మొదటిసారి అది కక్కినదానికి తలా తోకా ఉండదు. అయినా వైట్‌హౌస్‌లో ఎవరూ టెస్టింగ్ మాటెత్తరు, నెవాడా ఎడారిలో నేరుగా లైవ్‌కి వెళ్ళిపోతారు. అక్కడ యంత్రం "మేం శాంతి కోసం వచ్చాం" అంటుంది. ఎవరో ఆనందం పట్టలేక పావురాన్ని వదుల్తారు. అంగారకుడు ముందు పావురాన్నీ, తర్వాత జనాన్నీ కాల్చేస్తాడు.

ఇప్పుడు చూడాలి ప్రొఫెసర్ గారిని (పియర్స్ బ్రోస్నన్). వాళ్ళ సంస్కృతిలో పావురం యుద్ధానికి గుర్తేమో, మనమే పొరపాటు పడ్డామేమో అంటాడు! శవాలు కళ్ళ ముందే ఉన్నాయి. అయినా లాగ్ చూడకుండా స్టేటస్ రిపోర్టు చదువుతున్నాడు. రిపోర్టు పచ్చగా ఉంది మరి. క్షమాపణ వచ్చిందని వాళ్ళని ఏకంగా అమెరికా కాంగ్రెసుకే పిలుస్తారు. అక్కడా అదే ఊచకోత. చివరికి అంగారకులే ఆ యంత్రాన్ని చంకన పెట్టుకుని వీధుల్లో జనాన్ని తరుముతారు. అది మాత్రం "పరిగెత్తకండి, మేం మీ మిత్రులం" అని అరుస్తూనే ఉంటుంది. వాక్యం శుభ్రంగా ఉంటే చాలు, అర్థం కూడా సరైనదే అయ్యుంటుందని నమ్మేసే జబ్బు 1996తో పోలేదు. ఇవాళ మన టేబుళ్ళ మీద అంతకంటే చక్కగా మాట్లాడే యంత్రాలున్నాయి.

ఈ సినిమాకి హృదయం లేదని చాలామంది విసుక్కున్నారు. కొంత నిజమే. తారలు మరీ ఎక్కువైపోయారు, లాస్ వేగాస్ భాగం సాగుతుంది, జాక్ నికల్సన్‌కి రెండో వేషం అనవసరం. కానీ హృదయం అసలు లేదంటే ఒప్పుకోను. మాటల్ని కాక మనుషుల్ని చూసుకునేది ఒక్క రిచీ. ఇంట్లో ఎవరికీ పట్టని కుర్రాడు. అంతా పారిపోతుంటే వీడు మాత్రం వృద్ధాశ్రమంలో ఉన్న నానమ్మ కోసం వెళ్తాడు. ఆవిడ చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చునుంటుంది, వెనక అంగారకులు తుపాకీ గురిపెడుతున్న సంగతే తెలీదు. ఇంతలో ప్లగ్గు ఊడుతుంది. స్లిమ్ విట్‌మన్ 1952 నాటి పాట గదంతా మోగుతుంది. ఆ గొంతు సాగదీతకి అంగారకుల బుర్రలు పచ్చగా పేలిపోతాయి. అణుబాంబు చేయలేని పని! (దాన్ని వాళ్ళు బెలూన్లోకి పీల్చి సరదాగా ఊదుకున్నారు.)

చూడాలనుకుంటే ముందు ఆ 1956 సినిమా చూసి, తర్వాత ఇది పెట్టుకోండి. మొదటి అరగంట కాస్త ఓపిక పట్టాలి. పావురం ఎగిరాక ఇక రిమోట్ వెతుక్కోరు.