ఆ నిప్పు గురించి మనమూ అడగాలి

"ఆడవాళ్ళకెందుకీ క్షిపణుల గొడవ?" అని మా ఇంట్లోనే అంటుంటారు. ఎందుకంటే, గాలికి దీపం కొండెక్కకుండా చెయ్యి అడ్డం పెట్టినవాళ్ళమే కదా మనమంతా! స్క్రామ్‌జెట్ అనే ఇంజన్‌లో ఉన్న చిక్కూ అదే. కాకపోతే అక్కడ చెయ్యి అడ్డం పెట్టడానికి లేదు, గాలి రావాల్సిందే. ధ్వనిని మించిన వేగంతో లోపలికి దూసుకొచ్చే ఆ గాలిలోనే ఇంధనం చిమ్మి, రెప్పపాటులో వెలిగించి, మంట ఆరకుండా నిలబెట్టాలి. గాలిని కుక్కే ఫ్యాన్లు ఇందులో ఉండవు, వేగమే ఆ పని చేస్తుంది. అందుకే ముందు ఒక రాకెట్ దాన్ని ఎత్తుకెళ్ళి, ఆ వేగం అందించి వదిలిపెట్టాలి.

ఇదంతా అమెరికా సంగతే అనుకోకండి. మన ఊళ్ళోనే, కంచన్‌బాగ్‌లోని డీఆర్‌డీఎల్‌లో జరుగుతోంది. 2019 జూన్ 12న ఒడిశా తీరం నుంచి మొదటిసారి ఎగరేస్తే అనుకున్న ఎత్తు అందలేదని పత్రికలు రాశాయి. 2020 సెప్టెంబర్ 7న మళ్ళీ ఎగరేశారు. రాకెట్ 30 కిలోమీటర్ల ఎత్తుకి తీసుకెళ్ళి వదిలాక ఇంజన్ వెలిగి, 20 సెకన్లకి పైగా మండింది. వేగం సెకనుకి దాదాపు 2 కిలోమీటర్లు. అంటే మా బర్కత్‌పుర నుంచి విజయవాడకి రెండుంబావు నిమిషాలు, స్టవ్ మీది పాలు పొంగేలోపు!

ఆ 20 సెకన్లని పెంచడమే తర్వాతి పని. ఎక్కువసేపు మండితే ఇంజన్ గోడలు తట్టుకోవు. అందుకని మండబోయే ఇంధనాన్నే ముందు గోడల చుట్టూ తిప్పి, వేడి లాగించి, ఆ తర్వాత మండిస్తారు. ఈ ఉపాయం నాకు భలే నచ్చింది. 2025 ఏప్రిల్ 25న హైదరాబాద్‌లో నేల మీద జరిపిన పరీక్షలో చిన్న సైజు దహన గది 1,000 సెకన్లకి పైగా మండింది. 2026 జనవరి 9న పూర్తి సైజుది 12 నిమిషాలు దాటింది.

మా పక్కనే అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల పిల్లల్ని, చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని చదివేవాళ్ళని అడగండి, ఈ తేదీలన్నీ గడగడా అప్పజెప్తారు. ఒక మార్కు బిట్టు మరి! ఇదంతా దేనికని మాత్రం ఎవరూ అడగరు.

అందులో దాపరికమేం లేదు. హైపర్‌సోనిక్ క్రూయిజ్ క్షిపణి కోసమని డీఆర్‌డీవో వాళ్ళే చెప్పారు. ఇదే నిప్పుకి ఇంకో వాడకమూ ఉంది. 2016 ఆగస్టు 28న శ్రీహరికోట నుంచి ఇస్రో ఇలాంటి ఇంజన్లనే ఎగరేసి 5 సెకన్లు వెలిగించింది. రాకెట్ మోసే చోదక పదార్థాల్లో దాదాపు 70 శాతం మంటకి కావలసిన ఆక్సిజన్‌ని అందించే సరుకేనట. దారిలో దొరికే గాలినే వాడుకుంటే ఆ బరువు తగ్గుతుంది, ఉపగ్రహాల ఖర్చూ తగ్గుతుంది. ఈ మాట ఎంతమంది చెవిన పడింది?

క్షిపణులే వద్దనేంత అమాయకురాలిని కాను. కొడుకుని సరిహద్దుకి పంపిన తల్లులు ఎన్ని వీధుల్లో లేరు! కానీ "శత్రువు గుండెల్లో దడ" అని శీర్షిక పెట్టి ఊరుకుంటే నాకు చాలదు. ఇంత వేగంగా వచ్చేదాన్ని కనిపెట్టి, ఏం చెయ్యాలో ఆలోచించడానికి అవతలివాళ్ళకి మిగిలేది కొద్ది నిమిషాలే. వాళ్ళూ ఇలాంటివి చేస్తే మనకీ అంతే. దడ ఒక్కళ్ళ గుండెల్లోనే ఉంటుందా? 2022 మార్చి 9న మన క్షిపణి ఒకటి పొరపాటున పేలిపోయి... కాదు, పొరపాటున బయల్దేరి పాకిస్తాన్‌లో పడింది. ప్రాణాలేవీ పోలేదు కాబట్టి సరిపోయింది. అవతలివాళ్ళు తొందరపడి ఉంటే?

ఓటు కోసం గుమ్మంలోకి వచ్చినవాళ్ళని మంచినీళ్ళ గురించీ, డ్రైనేజీ గురించీ అడుగుతూనే ఉంటాం. ఈసారి నేను ఇదీ అడగబోతున్నాను. అంత వేగంగా పోయేది పొరపాటున చెయ్యి జారితే, అవతలివాళ్ళకి ఆ సంగతి చెప్పడానికి మన దగ్గర ఎన్ని నిమిషాలుంటాయి? చెప్పేదెవరు?