పీయూష గ్రంథిలో గడ్డ: కోతకు ముందు ఒక ప్రశ్న

పీయూష గ్రంథిలో గడ్డ ఉన్నదని ఎం.ఆర్.ఐ. రిపోర్టు రాగానే శస్త్రచికిత్సకు తొందరపడకండి. ఆ గ్రంథిలోని ప్రతి వాపూ కణితి కాదు. థైరాయిడ్ చాలాకాలం మందగిస్తే, దానిని ప్రేరేపించే పీయూష గ్రంథి శ్రమకు తానే ఉబ్బుతుంది; స్కాన్‌లో అచ్చం అడినోమా వలె కనిపించవచ్చు. పైగా ప్రోలాక్టిన్ కూడా పెరిగి వైద్యుణ్ణి మరింత తికమక పెడుతుంది. వాపు ఇరువైపులా సమంగా ఉండి, కాంట్రాస్ట్ ఎక్కించాక అంతటా ఒకే తీరున మెరిస్తే ఈ అనుమానం కలగాలి. చిన్న అడినోమా సాధారణంగా ఒక పక్కకు ఉండి, మొదట్లో చుట్టుపక్కల కంటె తక్కువగా మెరుస్తుంది. అయినా బొమ్మ ఒక్కటే చాలదు.

టి.ఎస్.హెచ్., ఫ్రీ టి4 చూశారా అని మీరే అడగండి. స్కాన్ ఖర్చు ముందు వాటి ఖరీదెంత? టి4 తగ్గి, టి.ఎస్.హెచ్. విపరీతంగా పెరిగితే, థైరాక్సిన్ మాత్రలతో కొన్ని నెలల్లో తగ్గిపోగల వాపుకు ముక్కు గుండా శస్త్రచికిత్స చేయడం, నా దృష్టిలో, అన్యాయం. చూపు మందగిస్తుంటే మాత్రం జాప్యం తగదు. ఆ రక్తపరీక్షల ఫలితాలు అదే రోజు తెప్పించుకోండి.