ఒకే గది... వంద ప్రయోగాలు!

బఠానీ మొలక నిటారుగా పెరగాలి. కానీ రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఓ ప్రయోగశాలలో మొలకలు పొట్టిగా, లావుగా తయారై పక్కకు పాకుతున్నాయి. అవే గింజల్ని ఆరుబయటి గాలిలో ఉంచితే చక్కగా పైకి లేస్తున్నాయి. గింజ ఒకటే... నీరూ ఒకటే. మరి తేడా ఎక్కడ? దిమిత్రి నెల్యుబోవ్ అనే యువ శాస్త్రవేత్త ఆరా తీస్తే అసలు దొంగ దొరికింది. అది గదిలో దీపాలకు వాడే గ్యాస్! అందులోంచి లీకవుతున్న ఇథిలీన్ వాయువే మొలకల్ని వంకర చేసిందని 1901లో ఆయన ప్రకటించాడు. అరటి గెలను మగ్గబెట్టేదీ ఆ ఇథిలీనే.

శాస్త్రవేత్త మొక్కను ఒక ప్రశ్నే అడుగుతాడు. మొక్క మాత్రం గదిలో ఉన్న ప్రతిదానికీ జవాబు చెబుతుంది. గాలి, వెలుగు, తడి, పురుగు... ఆఖరికి మనిషి చేతి స్పర్శకు కూడా. అందుకే పరిశోధన కోసం మొక్కల్ని పెంచడమన్నది పెరట్లో పూలకుండీ పెట్టుకున్నంత తేలిక కాదు. అదీ పదిమంది కలిసి వాడుకునే గదిలో అయితే మరీనూ!

ఎండావానా మనచేతిలో...

ఎండ, వేడి, తేమ అన్నీ మీట నొక్కితే మారిపోయే గదుల్ని గ్రోత్ ఛాంబర్లు అంటారు. అలాంటివన్నీ ఒకేచోట ఉంటే ఫైటోట్రాన్. అమెరికాలోని కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫ్రిట్స్ వెంట్ ఆధ్వర్యంలో 1949లో ఇలాంటి కేంద్రం మొదలైంది. అప్పట్లో ఆ చుట్టుపక్కల వాహనాల పొగమంచు మొక్కల ఆకుల్ని మాడ్చేసేది. దాంతో లోపలికి వెళ్లే గాలిని బొగ్గు ఫిల్టర్లతో వడకట్టేవారు. మనుషులూ బయటి బట్టలు మార్చుకునే లోపలికి వెళ్లాలి. ఆస్పత్రిలో ఆపరేషన్ థియేటర్‌కి ఉన్నంత కట్టుబాటన్నమాట!

మన దేశంలోనూ న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో జాతీయ ఫైటోట్రాన్ ఉంది. హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్‌లో పంట తరాలను వేగంగా ముందుకు జరిపే కేంద్రాన్ని 2022 ఫిబ్రవరి 5న ప్రారంభించారు. ఈ గదుల ఖర్చు ఎక్కువ. కరెంటు బిల్లూ తక్కువేం కాదు. కాబట్టి చాలాచోట్ల ఒకే గదిని పలువురు పంచుకుంటారు. ఒక అరలో వరి, పక్క అరలో టొమాటో, ఆ పక్కన ఆవాల కుటుంబానికే చెందిన అరబిడాప్సిస్ అనే పిల్ల మొక్క. 2000 సంవత్సరంలో మొక్కలన్నింటిలో మొదట జన్యుపటం సిద్ధమైంది దీనికే. అంటే ఈ గది కూడా ఓ అపార్ట్‌మెంటే. పైవాళ్ల కుళాయి కారితే కిందివాళ్ల గోడ తడుస్తుంది!

చచ్చినా నయమే...

పురుగుపట్టిన మొక్క చచ్చిపోతే పరిశోధకుడికి పోయేది ఆ మొక్కే. మళ్లీ విత్తుకోవచ్చు. చావకుండా నీరసంగా బతికితేనే అసలు ప్రమాదం. అది తప్పుడు సమాధానం చెబుతుంది.

ఉదాహరణకు ఓ విద్యార్థిని నీటి ఎద్దడిని తట్టుకునే వరి రకం కోసం పీహెచ్‌డీ చేస్తోందనుకుందాం. ఒక రకం త్వరగా వాడిపోయింది. అది ఎద్దడికి తట్టుకోలేదని రాసుకుంది. నిజానికి ఆ కుండీల్లో పురుగు పిల్లలు చేరి వేళ్లు కొరికేశాయి! అంటే మంచి వంగడం పనికిరానిదై పక్కకు పోతుంది. ఆ నోట్సును నమ్మి ఇంకొకరు ఇంకో ఏడాది వృథా చేస్తారు.

అన్నీ సరిగ్గా చేసినా జవాబు మారుతుందనడానికి 2010లో వెలువడిన ఓ అధ్యయనమే సాక్ష్యం. పది ప్రయోగశాలలు ఒకే పద్ధతి రాసుకుని, అరబిడాప్సిస్‌లో అవే మూడు రకాల్ని పెంచాయి. అయినా ఆకుల పెరుగుదల అన్నిచోట్లా ఒకేలా రాలేదు. వెలుగులో చిన్న తేడాలు, మొక్కల్ని పట్టుకునే తీరులో తేడాలే ఇందుకు ముఖ్య కారణాలుగా తేలాయి. అంత శ్రద్ధగా చేస్తేనే ఇలా ఉంటే, తెగులు కూడా తోడైతే?

తడి మట్టి... పురుగుకు పుట్టిల్లు

ఈ గదుల్లో తరచూ కనిపించే శత్రువు దోమలా ఉండే నల్లటి చిన్న పురుగు. పేరు ఫంగస్ నాట్. తడి మట్టిలో, దానిమీద పట్టిన నాచులో గుడ్లు పెడుతుంది. పిల్లలు బూజుతోపాటు లేత వేళ్లనూ తింటాయి. వెచ్చటి గదిలో మూడు నాలుగు వారాలకో తరం! దీన్ని రప్పించేది మరెవరో కాదు, అవసరానికి మించి నీళ్లు పోసే చెయ్యి.

మొక్క వాడగానే నీళ్లు పోసేయడం చాలామందికి అలవాటు. కానీ వేళ్లు కుళ్లినా మొక్క వాడుతుంది. ముందు కుండీని ఎత్తి చూడాలి. బరువుగా ఉంటే నీళ్లు అక్కర్లేదు. ట్రేలో నీళ్లు పోసి అడుగునుంచి పీల్చుకోనివ్వడం, మిగిలింది పారబోయడం, పైమట్టి కాస్త ఆరనివ్వడం... ఈ మూడూ పాటిస్తే సగం పురుగు రాదు.

ఇక తామరపురుగు, పేనుబంక, తెల్లదోమ, ఎర్రనల్లి, బూడిద తెగులు... మన మిరప, పత్తి రైతులకు పరిచయమున్న బంధువులే. ఇవన్నీ లోపలికి వచ్చేది ఎక్కువగా మనుషుల బట్టలమీద, బయటినుంచి తెచ్చిన మొక్కలమీద, శుద్ధి చేయని మట్టిలో. పొద్దున పొలం చూసి అదే బట్టలతో గదిలోకి వెళ్లడమంటే వాటికి ఆటో కట్టించి తీసుకెళ్లినట్లే! ముందు శుభ్రమైన గది, తర్వాత తెగులున్న గది... ఆ వరస తప్పకూడదు. టేబుల్‌మీద పెట్టుకునే పూలగుత్తికీ, మధ్యాహ్నం తినే అరటిపండుకూ అక్కడ ప్రవేశం లేదు. నెల్యుబోవ్ బఠానీలను వంచిన వాయువే పండులోనూ ఉంది మరి.

మందు కొడితే పోదా?

పోవచ్చు. దాంతోపాటు ప్రయోగమూ పోవచ్చు! పత్తి రైతులందరికీ తెలిసిన ఇమిడాక్లోప్రిడ్ మందు సంగతే చూడండి. అది పురుగును చంపడంతో ఆగదనీ, ఆ తరగతి మందులు మొక్కలో రోగాన్ని ఎదిరించే వ్యవస్థను కూడా తట్టిలేపుతాయనీ 2010లోనే పరిశోధకులు చూపించారు. పక్క అరలో ఒకరు ఆ రోగనిరోధక శక్తినే కొలుస్తుంటే? వాళ్ల లెక్కలన్నీ తారుమారు. అందుకే ఉమ్మడి గదిలో అందరికీ చెప్పకుండా చుక్క మందు కూడా చల్లకూడదన్నది నియమం. వీలైనచోట వేళ్లను తినే పురుగు పిల్లల్ని వేటాడే నల్లుల్నీ, సూక్ష్మమైన నులిపురుగుల్నీ మట్టిలో వదులుతారు.

తలుపు తీస్తే పూత పోయె!

కొన్ని మొక్కలు రాత్రి పొడవును లెక్కపెట్టుకుని పూస్తాయి. చేలగట్ల మీద కనిపించే మరులమాతంగి అలాంటిదే. పొడుగు రాత్రి మధ్యలో ఒక్క నిమిషం దీపం వెలిగితే చాలు, ఈ మొక్క పూత మానేస్తుందని 1938లోనే హామ్నర్, బానర్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. మరిచిపోయిన పెన్ను కోసం రాత్రిపూట తలుపు తీసి లైటు వేసిన మనిషికి ఆ సంగతేం తెలుసు? పక్కవాళ్ల నెలల శ్రమ మాత్రం దెబ్బతింటుంది.

తాకినా తంటాయే. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో జానెట్ బ్రామ్, రొనాల్డ్ డేవిస్ అరబిడాప్సిస్‌మీద హార్మోన్ చల్లితే కొన్ని జన్యువులు చురుగ్గా మేలుకున్నాయి. సరిపోల్చడానికి వట్టి నీళ్లు చల్లినా అవే మేలుకున్నాయి! కారణం హార్మోన్ కాదు, ఆ తాకిడి. రోజూ తాకుతుంటే ఆ మొక్కలు గిడసబారతాయి కూడా. అందుకే అన్ని కుండీలనూ ఒకేలా పట్టుకోవాలి. వెలుగు అర మధ్యలో ఎక్కువ, మూలల్లో తక్కువ ఉంటుంది కాబట్టి వాటి చోట్లు మారుస్తూ ఉండాలి.

ఉమ్మడి గొర్రె కాకూడదంటే...

ఉమ్మడి గొర్రెలు పుచ్చి చచ్చాయని సామెత. అందరిదీ అయినది ఎవరికీ పట్టదు. బాగా నడిచే కేంద్రాలు దీనికి విరుగుడు కనిపెట్టాయి. గదికో బాధ్యుడు, గోడకో పుస్తకం. వారానికోసారి పసుపు జిగురు అట్టలమీద పడ్డ పురుగుల్ని లెక్కపెట్టి అందులో రాస్తారు. పది ఉన్నచోట ముప్పై పడ్డాయంటే, ఆకుమీద మచ్చ కనిపించకముందే జాగ్రత్తపడొచ్చు.

అన్నిటికన్నా కష్టమైన నియమం ఇంకొకటుంది. పురుగును ముందు చూసినవాళ్లు ముందు చెప్పాలి. చాలామంది చెప్పరు. మొక్కల్ని పారేయమంటారని భయం. ఇంకో వారంలో గింజలు వచ్చేస్తాయన్న ఆశ. ఆ వారంలోనే గదంతా అంటుకుంటుంది. చెప్పినవాళ్లను తప్పుపట్టే చోట అందరూ దాస్తారు. చెప్పినందుకు మెచ్చుకునే చోట గది నిలుస్తుంది.

గదిలో అడుగుపెట్టే ముందు...

* మట్టిని శుద్ధి చేసి వాడాలి. 60-70 డిగ్రీల వేడిలో అరగంట ఉంచితే హానిచేసే సూక్ష్మజీవుల్లో చాలామటుకు నశిస్తాయి.

* ప్రతి కుండీకీ పేరు, తేదీ, ఎవరిదో రాసిన చీటీ ఉండాలి. ఎవరివో తెలియని మొక్కలే తెగుళ్లకు మొదటి ఆశ్రయం.

* అరబిడాప్సిస్ గింజలు ఒక గ్రాముకు దాదాపు 50 వేలు తూగుతాయి. అవి రాలి పక్క కుండీలో మొలిస్తే జాతి కలిసిపోతుంది. కాబట్టి ఎండే మొక్కలకు సంచి తొడగాలి.

* పనైపోయిన మొక్కనూ మట్టినీ మూటకట్టి వెంటనే తీసేయాలి. జన్యుమార్పిడి మొక్కలైతే ఆటోక్లేవ్‌లో ఆవిరి పట్టించాకే పారేయాలి.

* విలువైన విత్తనాన్ని ఒకేచోట ఉంచకూడదు. ఏసీ చెడిపోయే రోజు చెప్పి రాదు.

* పంటకీ పంటకీ మధ్య గదిని ఖాళీచేసి అరలన్నీ కడగాలి.

ఇవేవీ పెద్ద శాస్త్రం కాదు. చేతులు కడుక్కోవడం, తలుపు వేయడం, పక్కవాళ్లకు ఓ మాట చెప్పడం. కానీ రేపు రైతు చేతికి వచ్చే వంగడం గురించి ఈ గది చెప్పే మాట నిజమా, అబద్ధమా అన్నది తేల్చేవి మాత్రం ఈ చిన్న పనులే!