అంగడి ముంగిట ఏ బొమ్మ?

ఊరిలో నొక క్రొత్త వర్తకభవనము లేచుచున్నదనిన, అంతస్తులెన్ని, దుకాణములెన్ని, బండ్లు నిలుపుటకు చోటెంత అని పదిమందియు విచారింతురు. దాని ముంగిట ఏ శిల్పము నిలుచును, గోడపై ఏ చిత్రము వెలయును, వానిని నిర్ణయించువారెవరు అని అడుగువారు అరుదు. ఇటీవల అట్టి భవనమొకదాని నిర్మాణపు ఒడంబడికను వృత్తిరీత్యా చదువవలసివచ్చినది. లిఫ్టులకు, దీపములకు, నేలరాళ్లకు పుటలకొలది వివరములున్నవి. బొమ్మను గూర్చియన్ననో, పూలకుండీలతో కలిపి "ఇతర అలంకరణములు" అను శీర్షికక్రింద ఒక్క పంక్తి యున్నది. శిల్పి పేరు లేదు. ఎన్నుకొనువారెవరో లేదు. అది ఎన్నేండ్లు నిలువవలెనో లేదు.

ఫలితము మన కన్నులయెదుటనే యున్నది. ఏ పట్టణమునకు పోయినను అవే ఫైబరు గుఱ్ఱములు, నీరు చిమ్ము అవే తెల్లని విగ్రహములు, పండుగనాడు నిలిపి మరునాడు తీసివేయు అవే అట్టబొమ్మలు. బెజవాడలో నున్నామో బెంగుళూరులో నున్నామో ఆ బొమ్మను చూచి చెప్పజాలము. అది దుకాణపు పేరుపలకకు తోబుట్టువేకాని కళ కాదు.

"స్థలము యజమానిది, ధనము యజమానిది, నడుమ ప్రజలకేమి పని?" అని కొందరందురు. స్థలము యజమానిదే, కాదనము. కాని ఆ స్థలమునకు బాట వేసినది మునిసిపాలిటీ, నీరిచ్చినది ఊరు, లాభమిచ్చునది జనము. వెనుకటి దినములలో సంతబయలును, గుడిమండపమును, చెరువుగట్టును చేసిన పనిని నేడు ఈ భవనపు ముంగిలి చేయుచున్నది. స్నేహితులు కలిసికొనుట అచ్చటనే. పిల్లలు తల్లిదండ్రులకై వేచియుండుట అచ్చటనే. తలుపులు తెరచి వేలమందిని రమ్మని పిలిచినవాడు, వారి కన్నులకేమి చూపునో దానికిని బాధ్యుడు కాడా?

అంగడికి కళ అక్కరలేదను మాటకు ముంబయియే ప్రత్యుత్తరము. అచ్చట 1869లో క్రాఫర్డ్ మార్కెట్టు పూర్తియైనది. వాస్తుశిల్పి విలియం ఎమర్సన్. దాని ద్వారముపై రాతిఫలకములకు రూపకల్పన చేసినవాడు, 1865లో వచ్చి జె.జె. కళాశాలలో శిల్పము బోధించుచుండిన లాక్‌వుడ్ కిప్లింగ్. ఆ ఫలకములపై నతడు రాజులను నిలుపలేదు, రాణిని నిలుపలేదు. గోధుమచేలలో శ్రమించు మన రైతులను నిలిపినాడు. ఆ ద్వారమున పోవువాడు, తాను కొను తిండిని పండించిన చేతులను తలయెత్తి చూడవలసినదే. పిమ్మట ఆ మార్కెట్టునకు మహాత్మా జ్యోతిరావ్ ఫులే పేరు పెట్టిరి. రైతు కష్టమును గూర్చి గ్రంథము వ్రాసిన మహనీయుని పేరు, రైతు బొమ్మలున్న ద్వారమునకు ఎంత తగియున్నది! పరపాలనలో పరదేశీయుడు అంగడి గుమ్మముపై మన రైతును నిలుపగా, స్వరాజ్యమున మనము మన గుమ్మమున ఫైబరు గుఱ్ఱమును నిలుపుట సిగ్గుగాదా? అయితే ఆ బొమ్మ ఎట్లుండవలెనని ఆనాడు రైతునెవరు నడిగిరి? స్వరాజ్యమున మనము చేయదగినది ఆ అడుగుటయే.

అడిగి, చందాలెత్తి, పదిమంది కలిసి కళను నిలుపుట మన దేశమునకు క్రొత్త కాదు. కృష్ణాతీరమున ధాన్యకటకము వర్తకులు మెలగిన పట్టణము. దానిప్రక్కనున్న అమరావతీ స్తూపపు రాళ్లపై దాతల పేర్లు నేటికిని చదువవచ్చును. అందు వర్తకులున్నారు, గృహిణులున్నారు, భిక్షుణులున్నారు. పూర్ణఘటమును చెక్కించి యిచ్చిన విధికుడను చర్మకారుడున్నాడు. చెప్పులు కుట్టు కులమువాడు లోకమంతయు మెచ్చు శిల్పమునకు దాత! ఆ స్తూపమే మనకొక హెచ్చరిక కూడ. పదునెనిమిదవ శతాబ్ది చివర జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అచ్చట క్రొత్త పట్టణము కట్టించునపుడు, దిబ్బను త్రవ్వి రాళ్లను కట్టడములకు వాడుకొనిరి. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూచునప్పటికే త్రవ్వకము సాగుచుండెను. మిగిలిన ఫలకములలో ననేకము నేడు చెన్నపట్టణపు మ్యూజియమునను, లండనులోని బ్రిటిష్ మ్యూజియమునను ఉన్నవి. క్రొత్త కట్టడపు తొందరలో పాత కళ యేమగునో ఆంధ్రులకు వేరొకరు చెప్పనక్కరలేదు.

ఎన్నుకొనుటయొక్కటే చాలదు, ఎన్నుకొన్నదానిని కాపాడవలెను. న్యూయార్కులోని రాకెఫెల్లర్ వర్తకసౌధములో 1933లో డియేగో రివేరా గోడచిత్రము వ్రాయుచు నందు లెనిన్ ముఖమును చిత్రించెను. యజమానులు తీసివేయుమనిరి, అతడు వినలేదు. కూలి పూర్తిగా చెల్లించి పంపివేసి, 1934 ఫిబ్రవరిలో చిత్రమును పగులగొట్టించిరి. లెనిన్ మతము మనకు నచ్చవచ్చును, నచ్చకపోవచ్చును. ప్రశ్న అది కాదు. వెల యిచ్చినంతమాత్రమున కళను చంపు హక్కు వచ్చునా?

ఈ ప్రశ్నకు మన న్యాయస్థానము సమాధానము చెప్పినది. ఢిల్లీ విజ్ఞానభవనమునకై అమర్‌నాథ్ సెహగల్ నిర్మించిన మహత్తరమైన కంచు కుడ్యశిల్పమును 1979లో ఊడదీసి గిడ్డంగిలో పడవైచిరి. శిల్పి వ్యాజ్యము వేసెను. 1957నాటి కాపీరైటు చట్టపు 57వ సెక్షను ననుసరించి, కళాకృతిని నాశనము చేయుట శిల్పి గౌరవమునకే భంగమని 2005లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పి, మిగిలిన ముక్కలను అతనికి తిరిగి యిమ్మనియు, 5 లక్షల రూపాయలు పరిహారముగా చెల్లించుమనియు నాజ్ఞాపించెను. తీర్పు ఘనమైనదే. కాని గమనింపుడు: ఆ సెక్షను రక్షించునది శిల్పి గౌరవమును, నిత్యము దానిని చూచు పౌరునికి అందు హక్కు లేదు. ముక్కలు శిల్పికి చేరినవి. గోడ మాత్రము బోసిపోయినది. పౌరుని హక్కును మనము ఒడంబడికలో వ్రాసికొననిచో వేరెచ్చటను లభింపదు.

కావున మేము కోరునది నాలుగు మాటలు. మొదటిది: భవనపు పటముతోనే కళకు స్థలమును, ధనమును నిర్ణయింపవలెను. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1959లో పునర్నిర్మాణ సంస్థ, తాను సేకరించి యిచ్చిన భూమిలో కట్టువారు నిర్మాణవ్యయములో నూటికొక పాలు కళకు వెచ్చింపవలెనని నిబంధన పెట్టినది. మునిసిపాలిటీ స్థలమున లేచు భవనములకు మనమేల అట్లు చేయరాదు? రెండవది: ఎంపిక టెండరు పెట్టెలో జరుగరాదు. శిల్పులు, ఉపాధ్యాయులు, అంగడివారు, ఆ వీథివారు కూర్చున్న కమిటీ యుండవలెను. నమూనాలను పఠనాలయమున పదిదినములుంచి జనుల యభిప్రాయము వినవలెను. మూడవది: మన పనివారిని వారి పనితనమెరిగి పిలువవలెను. కొండపల్లి పొనికికొయ్య ఆరుబయట వానకు నిలువదు; కలంకారీ గుడ్డ ఎండకు వెలిసిపోవును; వానిని లోపలి మండపమునకే ఉంచుడు. నిమ్మలకుంట తోలుబొమ్మకు వెనుక దీపము పెట్టినగాని ప్రాణము రాదు. ముంగిట నిలుచుటకు ఆళ్లగడ్డ, దుర్గి రాతిశిల్పులున్నారు. నాలుగవది: పని ముగిసినపిదప శిల్పి పేరు రాతిపై నుండవలెను, మరమ్మతు ఎవరిదో, కదలింపవలసివచ్చిన నెవరి యనుమతి కావలెనో పత్రమున నుండవలెను.

"కమిటీ కూర్చున్నచో అందరికి నచ్చు చప్పిడి బొమ్మయే వచ్చును" అని రసజ్ఞులు కొందరు భయపడుదురు. ఆ భయమునకు కారణము లేకపోలేదు. జనుల మాట విని, తుది నిర్ణయమును కళ తెలిసిన కొలదిమందికి విడువవలెను. కాని వారు తమ నిర్ణయమునకు కారణములను బహిరంగముగా వ్రాయవలెను.

చివరగా ఒక్క మాట. పలుచోట్ల ఈ భవనములు పాత కూరగాయల అంగడి నేలపైననే లేచుచున్నవి. గోడపై గంపనెత్తుకొన్న స్త్రీ బొమ్మను చెక్కించి, గంపతో వచ్చిన స్త్రీని గుమ్మముకడ కావలివానిచే గెంటించుట కళ కాదు, పరిహాసము. ముందు ఆమెకు ముంగిట నాలుగు గజముల నీడ నిండు. పిమ్మట ఆమె బొమ్మను చెక్కింపుడు. అపుడా బొమ్మ ఎట్లున్నదని ఆమెనే అడుగవచ్చును.