అలవాట్లని కదిలించటం ఎవరికోసం?

ఒక కళారూపం రాజకీయం మాట్లాడగానే దాన్ని రెండు రకాలుగా కొట్టిపారెయ్యటం మనం చూస్తూనే వున్నాం. "ఇది కళ కాదు, నినాదం" అనేది ఒకటి. "ఇది జనానికి అర్థం కాదు, మేధావుల ఆట" అనేది రెండోది. స్వీడన్‌కి చెందిన 'ద నైఫ్' అనే ఎలక్ట్రానిక్ సంగీత బృందం 2013 ఏప్రిల్‌లో విడుదల చేసిన 'షేకింగ్ ద హ్యాబిచువల్' ఆల్బమ్ ఈ రెండు విమర్శల్నీ ఒకేసారి ఎదుర్కొంది. హక్కుల గురించి రాసుకునే పత్రికలో ఎక్కడో స్వీడన్ సంగీతం గురించి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఆ ఆల్బమ్ చుట్టూ లేచిన ప్రశ్నలు మన పనికీ, మన భాషకీ, మనం జనంతో మాట్లాడే తీరుకీ సంబంధించినవని నేననుకుంటున్నాను.

ద నైఫ్ అంటే ఇద్దరు తోబుట్టువులు, కరిన్ డ్రేయర్, ఓలోఫ్ డ్రేయర్. 'డీప్ కట్స్' (2003), 'సైలెంట్ షౌట్' (2006) ఆల్బమ్‌లతో వాళ్ళకి పేరొచ్చింది. పేరొచ్చిన కొద్దీ ముఖాలు దాచుకున్నారు. ఫొటోలకి మాస్కులు పెట్టుకున్నారు. తమ దేశంలో సంగీత పురస్కారం వచ్చినప్పుడు తాము వెళ్ళకుండా, గొరిల్లా ముసుగులతో నిరసన తెలిపే 'గెరిల్లా గర్ల్స్' తరఫున ఇద్దరిని పంపించారు. వాళ్ళ దుస్తుల మీద 50 అనే అంకె రాసి వుంది. సంగీత పరిశ్రమలో పురుషాధిపత్యం గురించి ఆ ఒక్క అంకె చాలా మాట్లాడింది.

ఆ తరువాత వాళ్ళు స్త్రీవాద, క్వియర్, వలసానంతర సిద్ధాంతాలు చదివారు. ఆ చదువులోంచి వచ్చిందే ఈ ఆల్బమ్. పదమూడు ట్రాకులు, మొత్తం గంటన్నర పైన. అందులో ఒకటి మాటలూ తాళమూ లేకుండా దాదాపు 19 నిమిషాలపాటు సన్నని హోరుగా సాగుతుంది. ఆల్బమ్ పేరు ఫ్రెంచి తత్వవేత్త మిషెల్ ఫూకో నుంచి తీసుకున్నది. మనకి సహజమని అనిపించే ఆలోచనా పద్ధతుల్ని, పని పద్ధతుల్ని కదిలించటమే మేధావుల పని అన్నాడాయన.

పాత పాటల కోసం ఎదురుచూసిన అభిమానులు చాలామంది నిరాశపడ్డారు. కొందరు విమర్శకులు గొప్ప సాహసమన్నారు. కొందరు పాఠం వింటున్నట్టుందన్నారు. 2013, 2014లలో జరిగిన ప్రదర్శనలు ఈ చీలికని ఇంకా పెంచాయి. వేదిక మీద ఒక బృందమంతా నాట్యం చేసింది. ఎవరు కరిన్, ఎవరు ఓలోఫ్ అన్నది తేలికగా పోల్చుకోలేని విధంగా అందరూ కలిసిపోయారు. చాలాచోట్ల సంగీతం రికార్డు చేసిందే, వాయిద్యాలు వాయించటం నటనే. టికెట్టు కొన్నవాళ్ళలో కొందరు మోసపోయామన్నారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. కళాకారులు తమ ఉద్దేశ్యాన్ని అంత స్పష్టంగా ప్రకటించినప్పుడు దాన్ని మనం ఎంతవరకు లెక్కలోకి తీసుకోవాలి? 1967లో రోలాఁ బార్త్ రచయిత మరణించాడని ప్రకటించాడు. అర్థం పాఠకుడి దగ్గరే పుడుతుందన్నాడు. దానికి నాన్సీ కె. మిల్లర్ వంటి స్త్రీవాద విమర్శకులు అభ్యంతరం చెప్పారు. స్త్రీలకి రచయితలుగా సంతకం పెట్టే హక్కే సరిగా దక్కని కాలంలో రచయిత పోయాడనటం ఎవరికి లాభం అన్నది వాళ్ళ ప్రశ్న. మనకీ ఆ అనుభవం వుంది. 1993లో 'నీలిమేఘాలు' సంకలనం వచ్చిన రోజుల్లో స్త్రీవాద కవయిత్రులు ఏం చెప్తున్నారో వినకుండానే వాళ్ళ ఉద్దేశ్యాల్ని ఇతరులే నిర్ణయించేసిన వైనం మనం మర్చిపోలేదు. అందుకని కళాకారుల మాటని పక్కకి నెట్టెయ్యటం నాకు సమ్మతం కాదు. అయితే ఆ మాటని తీర్పుగా కాక సాక్ష్యంగా తీసుకోవాలి. సాక్ష్యం నిలబడేదీ లేనిదీ ఆ కళారూపంలోనే వెతుక్కోవాలి.

ముందు గొంతు సంగతి చూద్దాం. కరిన్ తన గొంతుని యంత్రాల సాయంతో కిందికి దించి, వంచి, స్త్రీదో పురుషుడిదో చెప్పలేని గొంతుగా మారుస్తారు. స్త్రీ గొంతు అంటే సన్నగా, తియ్యగా వుండాలని సినిమా పాట మన చెవులకి నేర్పింది. ఆ తీపిని సహజమనుకుంటాం. నిజానికి ఎన్నో గొంతుల్ని పక్కన పెట్టి తయారుచేసుకున్న అలవాటది. జెండర్ పుట్టుకతో వచ్చేది కాదు, నేర్చుకుని ఆడేది అని పుస్తకాల్లో చదువుకుంటాం. ఇక్కడ అది చెవికి తెలుస్తుంది. స్త్రీ-పురుష ద్వంద్వంలో తాను ఇమడనని కరిన్ తరువాత బహిరంగంగా చెప్పటంతో ఈ గొంతుకి ఇంకో అర్థం కూడా చేరింది.

రెండోది నిడివి. పాట అంటే మూడు నాలుగు నిమిషాలని ఎవరు నిర్ణయించారు? పాత 78 ఆర్‌పిఎం గ్రామఫోను రికార్డు ఒక వైపు పట్టేది సుమారుగా అంతే. ఆ తరువాత రేడియో, వాణిజ్యం ఆ కొలతనే స్థిరపరిచాయి. అంటే మనం సంగీత స్వభావం అనుకున్నది సరుకు స్వభావం. ఆ 19 నిమిషాల హోరు దీన్నే బయటపెడుతుంది. అది వింటూ విసుగు రావటం సహజమే. అది దేని విసుగో గమనించమనే ఆ సంగీతం అడుగుతోంది.

మూడోది, మన పాఠకులకి అన్నిటికన్నా దగ్గరిది. ఆల్బమ్‌తో పాటు స్వీడిష్ కార్టూనిస్టు లివ్ స్ట్రోమ్‌క్విస్ట్ వేసిన ఒక కామిక్ వుంది. 'తీవ్ర పేదరికాన్ని అంతం చేద్దాం' అనే అభివృద్ధి సంస్థల నినాదాన్ని అది తలకిందులు చేసి, అంతం చెయ్యాల్సింది తీవ్ర సంపదని అంటుంది. సమస్య పేదలది కాదు, ధనికులది. మనం రాసే ప్రాజెక్టు నివేదికల్లో "లక్ష్య సమూహం", "సామర్థ్యాల పెంపు", "అవగాహన కల్పించటం" అనే మాటలు ఎప్పుడూ ఎవరి గురించి? పొదుపు సంఘాల్లోని పేద స్త్రీల గురించే. వాళ్ళ ఖర్చుల్ని, కాన్పుల్ని, అలవాట్లని సర్వే చేస్తాం. భూస్వామి అలవాట్ల మీద, కాంట్రాక్టరు అలవాట్ల మీద ఎవరూ బేస్‌లైన్ సర్వే చెయ్యరు. ఈ వ్యంగ్యం మనలో ప్రతి ఒక్కరికీ తగలాలి.

ఇంతవరకు సాక్ష్యం బలంగానే వుంది. కానీ ఆ ఆల్బమ్ మీద నాకున్న అభ్యంతరం కూడా చెప్పాలి. దాన్ని అందుకోవటానికి గంటన్నర తీరిక కావాలి, మంచి స్పీకర్లు కావాలి, ఎంతోకొంత సిద్ధాంత పరిచయం కావాలి. ఇంటి పనీ కూలి పనీ ముగించుకుని పడుకునే స్త్రీకి విసుగుని పరిశీలించే తీరిక ఎక్కడిది? అలవాటుని కదిలించుకోవటం కూడా ఒక వర్గ సౌకర్యమే. అదీకాక కళాకారులెవరూ బజారుకి పూర్తిగా బయట వుండరు. వీళ్ళ 'హార్ట్‌బీట్స్' పాటని హోసే గొంజాలెస్ పాడగా 2005లో సోనీ టీవీల ప్రకటనలో వాడుకున్నారు, వీళ్ళు అంగీకరించారు. దీన్ని ద్రోహమనను. సొంత సంస్థ నడుపుకునేవాళ్ళకి డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్నది మన సంస్థలకీ తెలిసిన చిక్కే. అయితే ఉద్దేశ్యాల స్వచ్ఛత ఆధారంగా కళకి మార్కులు వెయ్యలేమని మాత్రం ఇది గుర్తుచేస్తుంది.

అలాగని "జనానికి అర్థం కాదు" అనే వాదనతో నేను ఏకీభవించను. ఆ మాట అనేది సాధారణంగా జనం కాదు, జనం తరఫున మాట్లాడే హక్కు తమకే వుందనుకునేవాళ్ళు. పేద స్త్రీలకి తేలికైనదే ఇవ్వాలి, పాటలో కూడా సందేశమే వుండాలి అనుకోవటంలో ఒక చులకన దాగి వుంది. మన కళాజాతాల్లో పాట చివర తప్పకుండా ఒక నీతి చెప్పి గాని దిగం. వినేవాళ్ళకి వాళ్ళంతట వాళ్ళు ఆలోచించుకునే చోటు ఎంత వదులుతున్నాం?

ద నైఫ్ 2014లో తమ బృందాన్ని ముగించుకుంది. ఆ ఆల్బమ్ గొప్పదా కాదా అన్న వాదన సాగుతూనే వుంటుంది. నా మటుకు నేను దాన్ని అసంపూర్ణమైన, అవసరమైన పనిగా చూస్తాను. అధికారం గురించి పాడటంతో ఆగకుండా, పాట లోపల వున్న అధికారాన్ని, అంటే వేదిక మీద నాయకుడు ఎవరు, గొంతు ఎవరిది, కాలం ఎవరి చేతిలో వుంది అన్నదాన్ని ముట్టుకోవటం వల్ల అది అవసరమైంది. ఆ సంగీతాన్ని వినే తీరిక ఎవరికి వుంటుందో తగినంతగా అడగకపోవటం వల్ల అసంపూర్ణమైంది.

మనం మన సభలకి, కరపత్రాలకి, పాటలకి ఈ రెండు కొలతలూ పెట్టుకోవాలి. సమానత్వం గురించి మాట్లాడే సభలో మైకు ఎవరి చేతిలో వుంది? ఆ సభకి రాలేకపోయినవాళ్ళు ఎవరు, ఏ పని వల్ల రాలేకపోయారు? మన ఉద్దేశ్యాలు మంచివే. అవి మన పద్ధతుల్లో కనిపించినప్పుడే ఇతరులు వాటిని నమ్ముతారు.