పొయ్యి నెన్నుకొనుట

తిరుమలాయపాలెపు పల్లెలు మొదలు భద్రాచలపుటడవి యంచువఱకు, వానకు దడిసిన కట్టెను గొట్టముతో నూది యూది కన్నులెఱ్ఱవార్చుకొనిన తల్లులలో ననేకులు, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999లో పేదయిండ్లకు గ్యాసు కనెక్షను నిచ్చు దీపము పథకము వచ్చిన పిమ్మటనే గ్యాసుపొయ్యి యెదుట నిలిచిరి. నేడు వారి కుమార్తెలు క్రొత్త యిల్లు కట్టుకొని, గ్రానైటుబండను గోయించి యందమర్చు హాబు మేలా, ఇండక్షను మేలా యని యడుగుచున్నారు.

హాబునకు అద్దపు పలక కంటికింపుగా నుండుట నిజమే. కాని జొన్నరొట్టెకై బరువైన యినుప పెనమును దినదినము నెత్తుచు దించుచు నుండు నింటికి ఉక్కు పలకయే తగునని మా యభిప్రాయము. ఇండక్షను పొయ్యి, అయస్కాంత మంటుకొను సమమైన యడుగుగల పాత్రను మాత్రమే వేడిచేయును గనుక, అమ్మమ్మ యిచ్చిన యిత్తడి గిన్నెయు, సాధారణపు అల్యూమినియము దబరయు, చేపల పులుసు కాచు మట్టిచట్టియు నటకెక్కవలసినవే. పైగా కరెంటు పోయిన పూట పస్తు! దానిని రెండవ పొయ్యిగా నుంచుకొనుట వేఱు మాట.

మూడు మంటల హాబున మంటల నడిమి యెడమే ముఖ్యము. పెద్ద గిన్నె యొకటి యెక్కినచో ప్రక్కమంట వ్యర్థమగును. కావున దుకాణమునకు బోవునపుడు మీ యింటి పెద్ద గిన్నెను, పెనమును వెంట గొనిపొండు. నవ్వువారు నవ్వుదురు గాక.