ఆ ఒక్క కూత వల్లే ఓడిపోయామా?

పొంగల్ అయిపోయి ఇన్ని రోజులైనా మన గ్రూపులో కబడ్డీ మాటే నడుస్తోంది. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

జరిగింది మీకు తెలుసు. పక్క ఊరి జట్టుతో మూడు ఆటల పోటీ. మొదటిది మనం గెలిచాం, రెండోది వాళ్లు. మూడోది చివరి నిమిషంలో కూడా సమానం. చివరి కూతకు వెళ్లిన మన అబ్బాయి పక్క గీత దాటి కాలు పెట్టాడు. ఒక్క పాయింటుతో పోయింది. ఆ రాత్రి నుంచి "వాడి వల్లే పోయింది" అని ఒకటే పోస్టులు. ఒకరైతే వీడియోను ఆ కాలు దగ్గర ఆపి, ఎర్ర సున్నా చుట్టి మరీ పెట్టారు. ఆ అబ్బాయి అప్పటి నుంచి మైదానానికి రావడం లేదు. పేరు నేను రాయను, ఇప్పటికే చాలామంది రాశారు.

సరిసమానంగా ఉన్న ఇద్దరి మధ్య పోటీని చివరి తప్పు తేలుస్తుందని నేను నమ్మను. మనందరికీ తెలిసిన పోటీ ఒకటి చెప్తాను.

దొమ్మరాజు గుకేశ్, చెన్నైలో పుట్టిన మన తెలుగింటి పిల్లాడు. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ చదరంగం విజేత అయినప్పుడు ఈ గ్రూపంతా పండగ చేసుకున్నాం. చంద్రబాబుగారు తెలుగు బిడ్డ అన్నారు, స్టాలిన్‌గారు చెన్నైకి పేరు తెచ్చాడన్నారు, ఇక ఎవరి బిడ్డ అంటూ నెట్‌లో జనం కొట్టుకున్నారు. మనకు ఆ తగువు లేదు లెండి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం... మన బతుకే అది.

ఆ పోటీ 14 ఆటలు. మొదలయ్యేటప్పుడు గుకేశ్ ప్రపంచంలో 5వ ర్యాంకు, విజేతగా ఉన్న చైనా ఆటగాడు డింగ్ లిరెన్ 23వ ర్యాంకు. కుర్రాడు సులువుగా కొట్టేస్తాడన్నారు చాలామంది. మొదటి ఆటే ఓడాడు. మూడోది గెలిచాడు. నాలుగు నుంచి పది దాకా వరసగా ఏడు డ్రాలు. పదకొండు గుకేశ్‌ది, పన్నెండు డింగ్‌ది. పదమూడు ఆటలయ్యేసరికి చెరి 6.5.

పద్నాలుగో ఆటలో డింగ్‌వి తెల్లకాయలు. అయినా డ్రా అయితే చాలన్నట్టే ఆడాడు. డ్రా అయితే మర్నాడు తక్కువ సమయం ఆటల్లో తేలుతుంది. వాటిలో డింగ్‌దే పైచేయి అని అప్పట్లో చాలామంది లెక్క. 2023లో అస్తానాలో నెపోమ్నియాషి మీద అతను గెలిచింది కూడా అలాగే. కాబట్టి కాయలు మార్చుకుంటూ పోయాడు. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ ఉంది, అంతే. చూసేవాళ్లంతా డ్రా అనేశారు. చెయ్యి కలిపి లేచిపోవాల్సిన స్థితి. గుకేశ్ లేవలేదు. ఆడుతూనే ఉన్నాడు. 55వ ఎత్తులో డింగ్ తన ఏనుగును తప్పు గడిలో పెట్టాడు. ఏనుగులు పోయాయి, తర్వాత శకటులు పోయాయి, మిగిలింది రాజులూ బంట్లే. 58వ ఎత్తు తర్వాత డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు.

ఆ ఒక్క ఎత్తు లేకపోతే గుకేశ్ విజేత అయ్యేవాడే కాదు అన్నవాళ్లున్నారు. తప్పు తప్పే, కాదనను. కానీ డింగ్ మూడో ఆటలోనే సమయం మించిపోయి ఓడాడు. పదకొండో ఆటలోనూ గడియారం తరుముతుండగానే తప్పు చేశాడు. పద్నాలుగో ఆటకు వచ్చేసరికి పదమూడు ఆటల అలసట అతని మీద ఉంది. చెరువు కట్ట తెగేది ఒక్క చోటే, కానీ వాన కట్ట పొడుగునా కురిసింది కదా. తనకు పశ్చాత్తాపం లేదని, ఆ ఏడాది తాను బాగా ఆడిన పోటీ ఇదేనని డింగ్ ఓడిన తర్వాత నిబ్బరంగా చెప్పాడు. నాకు గుకేశ్ కన్నీళ్లతో పాటు ఆ మాట కూడా గుర్తుండిపోయింది.

అదృష్టం లేదా అంటారా? ఉంది. కాని అదృష్టం వచ్చేసరికి మనిషి బల్ల దగ్గర కూర్చుని ఉండాలి.

మా తమ్ముడి కొడుకు కెనడాలో ఎడ్మంటన్‌లో ఉంటాడు. అక్కడ మంచు మీద స్కేట్లతో ఆడే హాకీ అంటే ప్రాణం. వాడు చెప్పగా నేనూ చదివాను. 2024 స్టాన్లీ కప్ ఫైనల్ ఏడు ఆటల పోటీ. ఫ్లోరిడా మొదటి మూడూ గెలిచింది, తర్వాతి మూడూ ఎడ్మంటన్. నాలుగో ఆటలో ఫ్లోరిడా 8–1తో చిత్తయింది. వాళ్ల గోల్‌కీపర్ బాబ్రోవ్‌స్కీ అయిదు గోల్స్ ఇచ్చాక ఆట మధ్యలోనే బయటికి పిలిచేశారు. మన గ్రూపులో వాళ్లయితే ఆ రాత్రే కీపర్‌ను మార్చేసేవాళ్లు! అయిదో ఆటకు మళ్లీ అతన్నే నిలబెట్టారు. ఓడారు. ఆరోదానికీ అతన్నే. ఓడారు. జూన్ 24న ఏడో ఆటకూ అతనే. 2–1తో కప్పు గెలిచారు. మా వాడు ఆ రాత్రి అన్నం తినలేదట, అది వేరే సంగతి.

గుకేశ్ కూడా పన్నెండో ఆటలో ఘోరంగానే ఓడాడు. ఒక్క రోజు విశ్రాంతి తర్వాత వచ్చి పదమూడో ఆటలో గెలవడానికే ఆడాడు, ఏమీ జరగనట్టు. 2011లో మన క్రికెట్ జట్టు ప్రపంచ కప్పు గెలిచినప్పుడు వెంట ఉన్న ప్యాడీ అప్టన్ ఇతనికీ మానసిక శిక్షకుడు. ఓడిన మర్నాడు ఎలా కూర్చోవాలి అన్నదానికి కూడా మనిషిని పెట్టుకున్నారన్నమాట. మనం పెట్టింది ఎర్ర సున్నా.

ఇప్పుడు మన మూడో ఆట వీడియో మొత్తం చూడండి. నేను రెండుసార్లు చూశాను. సగం దాటాక మనం ఆరు పాయింట్లు ముందున్నాం. అక్కడి నుంచి మనవాళ్లు ఆడటం మానేశారు. ఊరికే వెళ్లడం, కూత పెట్టడం, ఎవరినీ ముట్టకుండా వెనక్కి రావడం. అచ్చం డింగ్ లాగే, ఇది అయిపోతే చాలన్నట్టు. అవతలివాళ్లు ఒక్కో పాయింటే తెచ్చుకున్నారు. గీత పక్కన నిలబడి "తొందరపడొద్దురా, టైమ్ గడపండి" అని అరిచిన గొంతు వీడియోలో స్పష్టంగా వినపడుతుంది. అది నాదే. పాయింట్లు సమానమయ్యాక కూతకు వెళ్లమంటే పెద్దవాళ్లిద్దరు పక్కకు చూశారు. ఈ అబ్బాయినే వరసగా మూడుసార్లు పంపాం. మొదటి రెండుసార్లు పాయింటు తెచ్చాడు. మూడోసారికి వాడికి ఊపిరి లేదు.

ఆదివారం కమిటీలో వచ్చే ఏడాది జట్టు గురించి మాట్లాడతామన్నారు. మొదటి పేరుగా ఆ అబ్బాయి పేరే రాయమని అడగబోతున్నాను. ఎర్ర సున్నా పెట్టిన తమ్ముడు ఆలోపు ఆ పోస్టు తీసేస్తే మంచిది. శనివారం సాయంత్రం నేను వాళ్లింటికి వెళ్తున్నాను, వచ్చేవాళ్లుంటే అయిదింటికి గుడి దగ్గర కలవండి.